పలుకునకొక పలక

ఇంగ్లీషు భాషలో ‘సౌండింగ్ బోర్డు’ అను మాట యొకటి కలదు. అక్షరార్థము చెప్పవలెనన్నచో ‘ధ్వనించు పలక’ యనవలెను. కాని ఆ భాష మాటలాడువారు నేడు దానిని పలకను గూర్చి కంటె మనుష్యుని గూర్చియే ఎక్కువగా వాడుదురు. ఒకడు తన మనస్సులో సగము పండిన ఆలోచనను పదిమందిలో పెట్టుటకు ముందు, నమ్మదగిన యొకనియొద్ద పలికి చూచుకొనును. ఆ వినువాడు వానికి సౌండింగ్ బోర్డు.

మన భాషలో ఒకనిని ‘మొద్దు’ అన్నను, ‘మాను’ అన్నను అది తిట్టే యగును. మఱి ఆ భాషలో ఒక చెక్కపలక పేరు ఆప్తమిత్రునకు బిరుదెట్లయ్యెను? ఈ సందేహము నాకు చాలకాలము ఉండెను. దాని జాడ తీయగా ఆ మాట పుట్టుక మాత్రమే గాక, వినుట యనగా నెట్టి పనియో కూడ కొంత బోధపడినది.

ఈ మాటకు పుట్టినిండ్లు రెండు. మొదటిది క్రైస్తవుల ప్రార్థనామందిరము. ఐరోపా ఖండమున పూర్వులు కట్టిన చర్చీలు మిక్కిలి ఎత్తైనవి. వాని గోడలు రాతివి. మైకులు లేని ఆ దినములలో బోధకుడు వేదిక నెక్కి ప్రసంగించునప్పుడు ఆయన కంఠధ్వని పైకి పోయి ఆ కప్పులో కలసిపోవుచుండెను. దూరపు గోడలకు తగిలి ఆలస్యముగా మరలివచ్చిన ధ్వనులు ఒకదానిపై నొకటి పడి మాటల స్పష్టతను చెఱచుచుండెను. వెనుక వరుసలలో కూర్చున్నవారికి పెదవులు కదలుట కనబడునే గాని పలుకు వినబడదు. దీనికి పనివారు ఒక ఉపాయము కనిపెట్టిరి. బోధకుని తలకు పైగా, గొడుగు పట్టినట్లు, ఒక చెక్కపలకను అమర్చిరి. పైకి పోవు ధ్వని ఆ పలకకు తగిలి, వెంటనే జనులవైపునకు మరలుచుండెను. పలక దగ్గఱగా నుండుటచేత, మరలిన ధ్వని అసలు ధ్వనితోడనే కలసి దానికి బలము చేకూర్చుచుండెను. పదునెనిమిదవ శతాబ్ది నాటికే ఇంగ్లీషువారు ఈ పలకను సౌండింగ్ బోర్డు అని పిలుచుచుండిరి. కొన్ని పాత చర్చీలలో ఇట్టి పలకలను ఇప్పటికిని చూడవచ్చును.

రెండవ పుట్టినిల్లు సంగీతవాద్యము. దీనిని తెలిసికొనుటకు మనము ఐరోపాకు పోనక్కఱలేదు. మా నరసన్నపేటకు పడమటి దిక్కున విజయనగరము జిల్లాలో బొబ్బిలి యున్నది. ఆ బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో వీణలు చేయు కుటుంబములు కలవు. బొబ్బిలి వీణను పనసమ్రానితో చేయుదురు. ఒకే దుంగను తొలిచి వీణ చేయుటలో అక్కడి పనివారు పేరుపొందిరి. వీణకు తీగలు ఏడు. మెట్లు ఇరువది నాలుగు. చూచువాని కన్ను ఆ తీగలమీదను, మెట్లమీదను, చివర చెక్కిన యాళి ముఖముమీదను నిలుచును. కుండపై మూసిన పలుచని పలకను ఎవరును గమనింపరు. కాని వీణానాదమున మనము వినునది చాలవఱకు ఆ పలక చేసిన పనియే.

కారణము సులభము. తీగ మిక్కిలి సన్ననిది. అది ఎంత వేగముగా కదలినను గాలిని కోసికొని పోవునే గాని గాలిని కదలింపజాలదు. రెండు రాతిస్తంభముల నడుమ ఒక తీగను బిగించి మీటినచో, మీటినవానికి తప్ప వేఱొకరికి వినబడుట అరుదు. వీణలో ఆ తీగ ఒక చిన్న గుఱ్ఱముమీదుగా పోవును. ఆ గుఱ్ఱము పాదములు పలకపై నిలిచియుండును. తీగలోని కంపము గుఱ్ఱము ద్వారా పలకకు దిగును. పలక వెడల్పైనది గనుక తన మీది గాలినంతను, కుండలోని గాలిని గూడ కదలించును. అప్పుడు సభ చివర కూర్చున్నవానికి సైతము ఆ స్వరము చేరును.

మీ పాఠశాల ప్రయోగశాలలో శ్రుతిదండ ముండును. దానిని రబ్బరు దిమ్మెకు తట్టి గాలిలో పట్టుకొనుడు. చెవిదగ్గఱ పెట్టుకొనిన గాని వినబడదు. మరల తట్టి, దాని కాడను బల్లపై ఆనించుడు. గదియంతయు వినబడును. బల్ల తన శక్తిని చేర్చినదా? లేదు. బల్లకు తనదైన శక్తి యేమియు లేదు. శ్రుతిదండములో నున్న శక్తినే అది త్వరగా గాలికి అందించినది. అందువలననే బల్లపై ఆనించిన శ్రుతిదండము త్వరగా ఊరకుండును. ఈ విషయమును కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. పలక ఏమియు కల్పింపదు. ఉన్నదానిని వినబడునట్లు చేయును. అంతియే.

ఇచ్చట ఒక పొరపాటునకు అవకాశమున్నది. ఇంగ్లీషులో ఒకని అభిప్రాయమును మెల్లగా కనుగొనుటను ‘సౌండ్ అవుట్’ చేయుట యందురు. వినుటకు ఈ రెండు మాటలును అక్కచెల్లెండ్రవలె నుండును. నిజమునకు వేఱు వేఱు కుటుంబములవి. ధ్వని అను అర్థముగల ‘సౌండ్’ లాటిను భాషలోని ‘సోనస్’ నుండి వచ్చినది. రెండవది నీటి లోతును కొలుచుట అను అర్థముగల ప్రాత ఫ్రెంచి మాటనుండి వచ్చినది. వంశధార సముద్రమున కలియు కళింగపట్నము ఒకప్పుడు ఓడలు వచ్చి నిలిచిన రేవు. పూర్వము నావికులు ఇట్టి రేవులకు వచ్చునప్పుడు సీసపు గుండును త్రాడునకు కట్టి నీటిలోనికి జాఱవిడిచి లోతు కనుగొనుచుండిరి. గుండు అడుగున గుంటలో కొవ్వు నింపుట కూడ వాడుక. సముద్రపు టడుగుననున్న ఇసుకయో బురదయో ఆ కొవ్వునకు అంటుకొని పైకి వచ్చును. లోతు తెలియును, అడుగున నేమున్నదో కూడ తెలియును.

మాటలు వేఱైనను, మనుష్యుల యెడ ఈ రెండు పనులను పోల్చి చూచుట మంచిది. ఒకని లోతు కనుగొనుటకై మాటలలో పెట్టి లోపలిది బయటికి లాగుట గుండు వేయుట వంటిది. ఆ పని చేయువాడు తన ఓడ క్షేమమునకై చేయును. పలకవలె వినువాడు పలుకువాని మేలునకై వినును. ఇద్దఱును చెవి యొగ్గియే యుందురు. భేద మంతయు ఎవరి కొఱకు విను చున్నారన్నదానిలో నున్నది.

అప్తుని తెలుపుటకు ఇంగ్లీషులో ‘కాన్ఫిడెంట్’ అను వేఱొక మాట కూడ నున్నది. అది నమ్ముట అను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టి ఫ్రెంచి ద్వారా వచ్చినది. మన ‘ఆంతరంగికుడు’ అను పదము దానికి సరిపోవును. ఆంతరంగికుని పని రహస్యమును దాచుట. సౌండింగ్ బోర్డు పని అంతటితో ముగియదు. అతడు చెప్పినదానిని దాచవలెను; చెప్పినవానికి మరల వినిపింపవలెను. పెట్టెకును వీణకును గల భేదము వీరికిని గలదు. రెండును చెక్కతో చేసినవే. ఒకటి దాచును, ఒకటి పలుకును.

మన పల్లెలలో ఈ రెండవ పనికి చక్కని మాట యున్నది. కథ చెప్పువాని ముందు కూర్చుండి ‘ఊఁ’ అనుటను ‘ఊకొట్టుట’ యందురు. ఊకొట్టువాడు లేనిచో కథ సాగదని మన పెద్దలు చెప్పుదురు. ఉత్తరాంధ్రమున జముకులకథ వినినవారికి ఈ సంగతి తెలియును. ప్రధానగాయకుడు కథ నడుపుచుండగా ప్రక్కవారు వంత పలుకుదురు. వారు క్రొత్త కథ నేమియు కల్పింపరు. అయినను వంత లేని కథ గాలిలో మీటిన తీగవలె నుండును.

ఈ మాటల నన్నింటిని గూర్చి ఆలోచించునప్పుడెల్ల నాకు మా వీధిలోని ఒక మామ్మ జ్ఞప్తికి వచ్చును. ఆమెకు చదువు రాదు. మేము ఆమెకు చుట్టములము కాము. అయినను వీధిలోని పిల్లలందఱకు ఆమె మామ్మయే. ఆమె అరుగుపై కూర్చుండి ఎల్లప్పుడు ఏదో యొక పని చేయుచుండెడిది. నాకు ఇరువది రెండవ యేట దూరదేశమున ఒక కర్మాగారములో ఉద్యోగము వచ్చెను. మా జిల్లావారు పొట్టకూటికై ఊరు విడిచి పోవుట క్రొత్త కాదు. ఇంటిలో పెద్దకొడుకును నేనే. మా నాయనగారి చూపు మందగించుచుండెను. పోవలెనా, మానవలెనా యని నాలుగు దినములు నిద్ర లేక తిరిగితిని. ఇంటిలో చెప్పినచో నాయనగారు నొచ్చుకొందురు. స్నేహితులతో చెప్పినచో ఒకడు పొమ్మనును, ఒకడు ఉండుమనును. ఐదవ దినమున మామ్మ అరుగుపై కూలబడితిని. ఆమె చింతపండు గింజలు తీయుచుండెను.

“ఏటి నాయినా, మొకం అలాగుంది?” అని ఆమె యడిగెను.

నేను చెప్పుట మొదలు పెట్టితిని. ఆమె చేతులు ఆగలేదు. నడుమ నడుమ “ఊఁ” అనుచుండెను. నేను ఆగినచో “తరవాత?” అనుచుండెను. అంతకు మించి ఆమె నోట ఒక్క మాట రాలేదు. అంతయు చెప్పిన పిమ్మట “వెళ్లమంటావా, ఉండమంటావా, మామ్మా?” అని అడిగితిని.

“అది నానెలా చెప్పగలను, నాయినా? నువ్వు చెప్పింది మాత్రం విన్నాను. ఉద్యోగం మాట రెండుపాల్లు అన్నావు. మీ నాన్న కంటి మాట ఐదుపాల్లు అన్నావు” అని ఆమె మరల చింతపండు పనిలో పడెను.

నేను నివ్వెఱపోతిని. నా నోటి మాటలను నేను లెక్కపెట్టుకొనలేదు. పోవుటయా, మానుటయా యని నేను తలపట్టుకొని కూర్చున్నది అసలు ప్రశ్న కానేకాదు. నన్ను పీడించుచున్నది నాయనగారి కన్ను. దానికి చికిత్స కలదు. ఉద్యోగమిచ్చినవారిని ఒక నెల గడువు కోరితిని, వారు అంగీకరించిరి. నాయనగారిని శ్రీకాకుళము తీసికొనిపోయి కంటిపొర తీయించితిని. ఆయన మరల తన చేతితో తాను జాబు వ్రాయగలిగిన పిమ్మట బయలుదేఱితిని. మామ్మ నాకు ఏ సలహాయు ఇయ్యలేదు. ఆ దినపు మాట వీధిలో మఱి యెవరితోను అనలేదు. నేను తటపటాయించిన సంగతి మా నాయనగారికి కడవఱకును తెలియదు. సౌండింగ్ బోర్డు అను మాటను ఆమె వినియుండదు. కాని ఆ మాటకు ఆమెను మించిన అర్థము నాకు ఏ నిఘంటువులోను దొరకలేదు.

మంచి పలక ఎట్లుండవలెనో వీణ చేయువారి కెఱుక. పలక మఱీ మందముగా నున్నచో తీగ కంపము దానిని కదలింపలేదు. ఎవరి బాధకును చలింపనివాడు అట్టి పలక. పలకకు పగులున్నచో ప్రతి స్వరముతోడను ఒక బీరుపలుకు బయలుదేఱును. విన్నదానికి తన కోపమును, తన వెటకారమును చేర్చి మరల చెప్పువాడు పగిలిన పలక. మఱికొన్ని పలకలు ఒక్క స్వరమునకే మిక్కిలి మ్రోగి, తక్కినవానికి మ్రోగవు. మీరు మీ కష్టము చెప్పబోగా, “అదేమి కష్టము, నాకు జరిగినది వినుము” అని తన కథ నెత్తుకొనువారిని మీరెఱుగుదురు. వారు ఈ జాతివారు. వీరిలో ఎవరును దుర్మార్గులు కారు. అయినను వారిముందు మన పలుకు మనకు వినబడదు.

ముఖస్తుతి చేయువాడు వీరందఱికంటె ప్రమాదకరుడు. కొండగుహయొద్ద నిలిచి ‘ఔను’ అన్నచో గుహయు ‘ఔను’ అనును. ‘కాదు’ అన్నచో ‘కాదు’ అనును. వినుటకు ఇంపుగానే యుండును. కాని గుహ మన మాటను విని మరల చెప్పుటలేదు, విసరికొట్టుచున్నది. మామ్మ నా మాటలను విసరికొట్టలేదు. వానిలో ఏవి ఎన్నిమారులు వచ్చినవో లెక్కపెట్టినది. ప్రతిధ్వనికిని ఆలకింపునకును గల తారతమ్య మిదియే.

పెదవి దాటినచో పృథివి దాటునని సామెత. గాడిదచెవుల రాజు కథ మీరు చిన్నతనమున వినియుందురు. రాజుగారి తలపాగాలో దాగియున్న గాడిదచెవులను మంగలి చూచెను. చెప్పినచో తల పోవును. చెప్పకున్నచో కడుపుబ్బి చచ్చును. చివరకు అడవికి పోయి ఒక చెట్టుతో చెప్పుకొని ఊఱట పొందెను. ఆ చెట్టును కొట్టి ఒకడు మద్దెల చేసెను. మద్దెల రాజసభలో “రాజుగారికి గాడిదచెవులు” అని మ్రోగెను. ఈ కథ చెప్పి పిల్లలను నవ్వింతుము. కాని మంగలి కడుపునొప్పి నిజము. చెప్పుకొనుటకు ఒక మనుష్యుడు దొరకనివాడు చెట్టుతో చెప్పుకొనును. మద్దెల అపరాధమును నిజమే. అది తనకు చెప్పినదానిని చెప్పినవానికి గాక లోకమునకు వినిపించినది. నేడు ఆ మద్దెల అందఱి చేతులలోను ఫోను రూపమున నున్నది. ఒక స్నేహితుడు కన్నీటితో చెప్పుకొనిన మాట ఒక్క వ్రేలితో నూఱుమందికి పోవును. పంపినవానికి అది వినోదము; చెప్పుకొనినవానికి తలకొట్లు.

అయితే పలుకును దూరమునకు చేర్చుట సర్వదా తప్పని అనుకొనరాదు. చర్చీలోని పలక పని అదియే కదా! లోకమున కొందఱి కంఠము ఎంత చించుకొనినను వెనుక వరుసలకు చేరదు. వారి పలుకును వారి సమ్మతితో, వారి మేలునకై, పదిమందికి చేర్చు పలక కావలెను. ఇట్టివారు మా ప్రాంతముననే పుట్టిరి.

నరసన్నపేటనుండి వంశధార యొడ్డునగల శ్రీముఖలింగక్షేత్రము దూరము కాదు. ఆ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. ఆ తేదీనే మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ పట్టణమునకు చేరువ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని, ఒడియాకు గాని చుట్టము కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. దానికి అప్పుడు లిపి లేదు. కొండ దిగి వచ్చిన సవర తన కష్టమును తన మాటలో చెప్పుకొనుటకు పట్టణములో వినువారు అరుదు. రామమూర్తిగారు ఆ భాష తెలిసిన వానిని ఇంట పెట్టుకొని, అతని నోట మాటను వినుచు నేర్చుకొనిరి. కొండలలో తిరిగి సవరల పాటలను, కథలను ఆలకించిరి. సొంత ధనముతో బడులు పెట్టి వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి.

ఆ కొండలలో తిరుగుటచే వారికి విషజ్వరము వచ్చెను. దానికి వాడిన క్వినైను వారి వినికిడిని చెఱచెను. ఆ చెవుడు జీవితాంతము వారిని విడువలేదు. చెవిటివాని ముందు శంఖమూదినట్లని మనము సామెత చెప్పుదుము. ఆ సామెతను వారి విషయమున తిరుగవేసి చెప్పవలెను. చక్కని చెవులు గలవారు విననొల్లని భాషను విని, ఆ వినుటలోనే తమ చెవులను కోల్పోయిన మహనీయుడాయన. అటుపిమ్మటను ఆ పని మానలేదు. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువడినవి. 1940లో వారు కన్నుమూసిరి. ఒక జాతి పలుకునకు వారు పలకయై నిలిచిరి.

విజయనగరమున చదువుకొన్న దినములలో రామమూర్తిగారికి తోడివిద్యార్థి గురజాడ వేంకట అప్పారావుగారు. ఆ కాలమున పసిబాలికలను ధనము తీసికొని వృద్ధులకు ఇచ్చి పెండ్లి చేయు ఆచారము కొందఱిలో నుండెను. విజయనగర ప్రభువైన ఆనందగజపతి మహారాజు అట్టి వివాహముల పట్టికను వ్రాయించిరి. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో 1034 వివాహములు లెక్కకు వచ్చెను. ఈ సంఖ్యను అప్పారావుగారు తమ ‘కన్యాశుల్కము’ నాటకమునకు వ్రాసిన ఇంగ్లీషు పీఠికలో పేర్కొనిరి. ఆ బాలికలలో ఒక్కతెకైనను సభలో నిలిచి తన మాట చెప్పుకొను అవకాశము లేదు. 1892లో ఆ నాటకమును ప్రదర్శించిరి. 1897లో అచ్చువేసి మహారాజునకు అంకితమిచ్చిరి. నాటకశాల చివరి వరుసలో కూర్చున్నవానికి కూడ ఆ బాలికల మూగబాధ అప్పుడు వినవచ్చెను. అప్పారావుగారు ఆ బాధను కల్పింపలేదు. ఉన్నదానిని వినబడునట్లు చేసిరి.

ఈ మిత్రులిద్దఱును తరువాత వాడుకభాషకై పాటుపడుట యాదృచ్ఛికము కాదు. జనులు ఎట్లు మాటలాడుదురో శ్రద్ధతో వినినవారికే ఆ పలుకు విలువ తెలియును. వారి కృషికి మూలము కలము కంటె ముందు చెవి.

భగవద్గీతను గూర్చి కూడ నొకమాట చెప్పవచ్చును. మొదటి అధ్యాయమున అర్జునుడు తన శోకమునంతను వెళ్లబోసికొనును. శ్రీకృష్ణుడు ఆ అధ్యాయమంతటను ఇంచుమించు మౌనముగనే యుండును. ఉపదేశము రెండవ అధ్యాయమునుండి మొదలగును. జగద్గురువు సైతము మొదట వినెను, తరువాతనే పలికెను. మనము సామాన్యముగా రెండవ అధ్యాయమునుండి మొదలు పెట్టుదుము.

విద్యార్థులారా! మీ వయస్సున చెప్పుకొనలేని మాటలు చాల నుండును. పరీక్ష తప్పుదునేమో యను భయము, ఇంటిలోని ఇబ్బంది, తోడివారి యెగతాళి, ఇవి లోపల నుంచుకొనినకొలది పెద్దవగును. అమ్మయో, నాయనమ్మయో, అప్పయో, ఉపాధ్యాయుడో, నమ్మదగిన యొక మనుష్యుని వెదకికొనుడు. ఆ మనుష్యునికి మీ చిక్కును విడదీయు తెలివి లేకపోవచ్చును. చింత లేదు. సగము చిక్కులు బయటికి పలుకునప్పుడే విడివడును.

మీయొద్దకు వచ్చి ఒక స్నేహితుడు తన మాట చెప్పుకొనునప్పుడు మీరును పలకయై యుండుడు. తొందరపడి తీర్పు చెప్పకుడు. అతని మాటలలో ఏది మరల మరల వచ్చుచున్నదో గమనించి, దానినే అతనికి వినిపింపుడు. అతడు చెప్పినదానిని మఱియొకని ముందు పెట్టకుడు. ఈ నియమమునకు ఒక్కటే మినహాయింపు. అతని ప్రాణమునకో, దేహమునకో హాని గలదని తోచినచో, ఆ మాటను వెంటనే నమ్మదగిన పెద్దలకు చెప్పవలెను. అది రహస్యమును వెల్లడించుట కాదు. నీట మునుగువానికి చేయి యందించుట.

సౌండింగ్ బోర్డు అను మాటకు తెలుగున ఏమి చెప్పవలెనని నన్ను అడిగినచో, ‘ధ్వనించు పలక’ యని చెప్పను. ‘ఆలకించువాడు’ అని చెప్పుదును. వినుట చెవి గల ప్రతివానికిని వచ్చును. ఆలకించుటకు మనస్సు కూడ కావలెను. వీణను పొగడునప్పుడు జనులు తీగను పొగడుదురు, వ్రేళ్లను పొగడుదురు. పలకను ఎవరును పొగడరు. పలక అందుకు నొచ్చుకొనదు. తీగ కదలిన ప్రతిమారును తానును కదలుచుండును.